గొంతులో వెలుగు

మార్చి 4, మంగళవారం

మా స్కానింగ్ విభాగానికి ఇంజెక్షన్ సరుకు తెచ్చే చక్కెర బండి ఈరోజు కూడా ఆలస్యం. రైల్వే గేటు వేశారండీ అన్నాడు డ్రైవరు. ఆ గేటు ఇతని కోసమే వేస్తారు కాబోలు. చొక్కా మీద టీ మరక మాత్రం తాజాగా ఉంది. సీసం డబ్బాలో ఉన్నది ఉప్పో పప్పో అయితే మేం ఏమీ అనం. బయల్దేరిన క్షణం నుంచీ బలం తరిగిపోయే సరుకది. అతను టీ తాగినంతసేపూ మాకు మండుతూనే ఉంటుంది.

కొత్త నర్సుకి ఇవాళ పాఠం చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే నాకే ముచ్చటేసింది, అందుకే రాసుకుంటున్నా. "ఇది చక్కెరేనమ్మా, దానికి కాస్త రేడియోధార్మికత తగిలించారు, అంతే. ఒంట్లోకి ఎక్కించాక ఎక్కడ పని ఎక్కువ జరుగుతోందో అక్కడికి పోయి కూర్చుంటుంది. పాడు గడ్డలు తిండిపోతులు కాబట్టి అక్కడ బాగా చేరుతుంది. స్కానర్‌లో ఆ చోటు నారింజ రంగులో వెలుగుతుంది. కానీ దానికి గడ్డకీ కండకీ తేడా తెలీదు. ముందురోజు బీరువా మోసినవాడికి భుజాలు వెలుగుతాయి. చూయింగ్ గమ్ నమిలినవాడికి దవడలు వెలుగుతాయి. అందుకే ఇంజెక్షన్ అయ్యాక మౌనం గదిలో దుప్పటి కప్పుకుని గంటసేపు కదలకుండా, మెదలకుండా, మాట్లాడకుండా పడుకోవాలి. మాట్లాడితే గొంతు వెలుగుతుంది."

"అంటే మాట్లాడినట్టు దొరికిపోతారా?" అంది నర్సు, కళ్ళింత చేసుకుని.

దొరికిపోతారు. ఈ యంత్రం ముందు అబద్ధం చెప్పి గెలిచినవాడు లేడు అన్నాను.

నాన్న స్కాను వచ్చే సోమవారం. మామూలుదే. వైద్యం అయ్యాక చేయించుకోవాల్సిన స్కాను, అంతే.

మార్చి 7, శుక్రవారం

నాకేం భయం లేదు.

మార్చి 9, ఆదివారం

నాన్నకి కొత్త చొక్కా కొన్నాను, నిలువు కాలరుది. కిరణాలు పెట్టిన చోట మెడ మీద చర్మం నల్లబడింది కదా, అది కనపడకుండా ఉంటుందని. వేసుకుని అద్దంలో చూసుకుని తల ఊపాడు. నచ్చింది.

ఈమధ్య నాన్నకి అన్నీ నచ్చుతున్నాయి. మునుపైతే పేపరు మడత సరిగ్గా పెట్టలేదని కూడా నాతో గొడవే. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఊరందరికీ చెప్పిన మనిషి, ఇంట్లో కూడా అదే గొంతుతో కాఫీ అడిగేవాడు. నిరుడు స్వరతంతువు మీద, ఎడమవైపు, గడ్డ తేలింది. కిరణాలతో తగ్గింది. కానీ గొంతు బొంగురుపోయింది. మాట్లాడితే అలిసిపోతాడని నేను మంచం పక్కన గంట పెట్టాను, పలక ఇచ్చాను. నీళ్ళు కావాలంటే ఒకసారి, కాఫీ కావాలంటే రెండుసార్లు. అసలు గంట కొట్టే పని కూడా లేకుండా ముందే అన్నీ అమర్చేస్తున్నాను. నెలల తరబడి నోరు తెరిచే అవసరమే రాలేదు ఆయనకి. మా ఆయన కూడా అన్నాడు, "మామయ్యగారు ఎంత మారిపోయారో" అని.

గడ్డ తిరిగొస్తే ఈసారి స్వరపేటిక మొత్తం తీసేస్తారు. తిరిగి రాదు.

నాకేం భయం లేదని మొన్నే రాశాను కదా.

మార్చి 10, సోమవారం

సొంతవాళ్ళకి ఇంజెక్షన్ మనమే ఇవ్వకూడదని మా దగ్గర నియమం. నాతోపాటు పనిచేసే అతను ఇచ్చాడు. సోడాబుడ్డి అద్దాలు కాబట్టి విభాగం మొత్తం అతన్ని కళ్ళజోడు అనే పిలుస్తుంది, పాపం ఇంటి దగ్గర కూడా అదే అంటారట. నరం ఒక్కసారికే దొరికింది. నాన్న కళ్ళైనా ఆర్పలేదు.

నాన్నని మౌనం గదిలోకి తీసుకెళ్ళే ముందు, ఇంజెక్షన్ గదిలోనే అందరూ వినేలా చెప్పాను. "మా నాన్న లాంటి బుద్ధిమంతుడైన పేషెంటు మీకు ఇంకొకరు దొరకరు. గంట కాదు, రోజంతా మాట్లాడొద్దన్నా మాట్లాడరు." నర్సు నవ్వింది. నాన్న నేల చూశాడు. మొహమాటం ఆయనకి.

మౌనం గదిలో పక్క వాలుకుర్చీలో అప్పటికే ఒక ఆవిడ పడుకుని ఉంది. ఉన్ని టోపీ, ఒళ్ళో సంచి, సంచిలోంచి కొలత టేపు తొంగిచూస్తోంది. దర్జీ అట. సంచి తీసి పక్కన పెడదామంటే ఇవ్వలేదు. ఇద్దరికీ దుప్పట్లు ముక్కు దాకా లాగి కప్పాను. చలికి వణికితే ఒంట్లో కొవ్వు కూడా వెలుగుతుంది, అదో తలనొప్పి. దీపం తగ్గించి బయటికొచ్చి, కెమెరా తెర ముందు కూర్చున్నాను. ఆ కెమెరాకి చూపే ఉంది, చెవులు లేవు. వేరే పని పెట్టుకోకుండా గంటసేపూ చూశాను. రెండు దుప్పట్లు, రెండు తలలు. ఒకసారి నాన్న దుప్పటి ఊగింది. దగ్గు ఆపుకుంటున్నాడనుకున్నాను. పాపం ఎంత క్రమశిక్షణో!

స్కానర్ దగ్గరికి తీసుకెళ్తుంటే నాన్న కళ్ళు మెరుస్తున్నాయి. "చక్కెర పడగానే హుషారొచ్చిందా?" అన్నాను. తల అడ్డంగా ఊపి, మళ్ళీ నిలువుగా ఊపాడు.

బొమ్మలు నేను చూడకుండా ఉండాల్సింది. తెర నా ఎదురుగానే ఉంటే చూడకుండా ఎలా ఉంటాను? మెదడు వెలిగింది, అందరికీ వెలుగుతుంది. గుండె వెలిగింది, మంచిదే. మెడలో ఒకచోట వెలిగింది. కుడివైపు. ఒక్క కుడివైపే.

నేను డాక్టర్ని కాను. చూడలేదనుకుంటాను.

మార్చి 11, మంగళవారం

డాక్టరమ్మ పిలిచింది. తలుపు వేయమంది. ఆవిడ తలుపు వేయమనడం నేను ఎప్పుడూ వినలేదు.

"ఎడమవైపు శుభ్రంగా ఉంది. వెలుగు కుడివైపు ఉంది. ఆ గంటసేపు మీ నాన్నగారు ఏమైనా మాట్లాడారా?"

"లేదు మేడమ్. నేనే కెమెరాలో చూస్తూ కూర్చున్నాను."

"బాగా ఆలోచించి చెప్పు. మాట్లాడి ఉంటే సంతోషిస్తాను. ఎడమ తంతువు బిగుసుకుపోయింది కాబట్టి పనంతా కుడిదే. కాసేపు మాట్లాడినా ఆ ఒక్క పక్కే ఇలా వెలుగుతుంది."

"మా నాన్న మాట్లాడరు మేడమ్. ఇంట్లోనే మాట్లాడరు. నాదే పూచీ."

ఆవిడ ఫైలు ముందుకు లాక్కుని, "అయితే మత్తిచ్చి ముక్క తీసి పరీక్షించాల్సిందే" అంది. కిరణాలు పడ్డ గొంతులో గాయం అంత తేలిగ్గా మానదు, ఉన్న కాస్త గొంతు కూడా పోవచ్చు. అది నాకూ తెలుసు. వచ్చే బుధవారానికి రాశారు.

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. మెల్లగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పాను. నాన్న నా మొహంలోకి చాలాసేపు చూశాడు. ఏదో అనబోయినట్టు పెదాలు కదిలాయి. "వద్దు నాన్నా, అలిసిపోతావు" అని పలక అందించాను. తీసుకుని "సరే" అని రాశాడు.

మార్చి 12, బుధవారం

కళ్ళజోడు ఒక వింత చూపించాడు. నాన్న పక్కన పడుకున్న దర్జీ ఆవిడ స్కాను. ఆవిడ జబ్బు రొమ్ముది, మందులతో బాగా తగ్గిందట. కానీ గొంతు చూడాలి! రెండు తంతువులూ దీపాలు పెట్టినట్టున్నాయి. "ఈవిడ గంటసేపూ కచేరీ చేసుంటుంది" అన్నాడు.

రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాను. కొంతమందికి ఎంత చెప్పినా అంతే. ఎవరితో మాట్లాడిందో ఏమిటో, ఫోన్లు కూడా బయటే పెట్టిస్తాం. ఆ గదిలో నాన్న తప్ప ఇంకెవరూ లేరు.

తనలో తనే మాట్లాడుకునే రకమేమో.

మార్చి 13, గురువారం

అన్నం ముద్ద దిగలేదు. పని ఎక్కువైంది, అందుకే.

మార్చి 14, శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడం లేదు. నవ్వొస్తోంది, ఒళ్ళు మండుతోంది, కూర్చుంటే లేవాలనిపిస్తోంది.

పొద్దున దర్జీ ఆవిడ రిపోర్టు కోసం వచ్చింది. అదే ఉన్ని టోపీ. ఆరోజు దుప్పటి కప్పినప్పుడూ నా ముక్కుకి మాస్కే, ఇవాళా మాస్కే, ఆవిడకి నేనెవరో తెలీదు. రిపోర్టు సంచిలో పెట్టుకుని, కదలకుండా నిలబడింది.

"అమ్మాయ్, మొన్న నా పక్కన పడుకున్నాడే, కాలరాయన, ఎలా ఉన్నాడు?"

"ఏ కాలరాయన?"

"మెడకి పట్టీ వేసినట్టు ఇంత కాలరు. ఆ కాలరు ఎవడు కుట్టాడండీ, ఒక పక్క ఎక్కువా ఒక పక్క తక్కువా అన్నాను, ఊరికే ఉండలేక. అంతే! మా అమ్మాయి కొంది, మెడ కోసుకుపోతోంది, చెబితే బాధపడుతుంది అన్నాడు. అక్కణ్ణుంచి మొదలెట్టాడు తల్లీ. అబ్బబ్బ, ఏం వాగుడు! నన్ను ఊపిరి తీసుకోనిస్తేగా!"

నేను కౌంటరు బల్ల పట్టుకున్నాను. "ఆయన... మాట్లాడారా?"

"మాట్లాడడమా? దెబ్బలాడాడు. ఆ గొంతు వినగానే నాకు అనుమానం వచ్చింది. బస్టాండులో మైకులో చెప్పేది మీరేనా అన్నాను. అవునన్నాడు. అయితే నాకు మీ మీద పాత పగ ఉంది అన్నాను. మా చెల్లెలు ఆస్పత్రిలో ఉందని పరిగెత్తుకొస్తే మూడో ప్లాట్‌ఫారం అని చెప్పి బస్సు అయిదో దాని మీద పెట్టారు, బస్సు పోయింది. ఆ మాటంటే ఒప్పుకుంటాడా! నేను అయిదనే చెప్పాను, మీ చెవులే మూడు విన్నాయి అంటాడు. దుప్పటి కిందే గుసగుసగా గంటసేపూ అదే వాదన. మధ్యలో ఒకటే నవ్వు. ఆయన కూతురు ఇక్కడే పనిచేస్తుందట, మహా కఠినం మనిషట, కెమెరాలో చూస్తుంటుంది, దుప్పటి దించకండి అన్నాడు."

"ఆ కూతుర్ని నేనే" అన్నాను.

ఆవిడ నా మాస్కుని చూసింది, నా బ్యాడ్జీని చూసింది. "కఠినం అంటే... క్రమశిక్షణ అన్నాడు లెండి" అంది.

తర్వాత నేను చేసిన పనికి నర్సు ఇంకా నవ్వుతోంది. ఆవిడ్ని గట్టిగా కావిలించుకున్నాను. ఆవిడ కొలత టేపు నా మెడలో చిక్కుకుపోయింది.

ఆ బొంగురు గుసగుసలో ముక్కూ మొహం తెలీని మనిషి మా నాన్న గొంతుని గుర్తుపట్టింది. ఆ గొంతు పోయిందని ఇంట్లో ఉన్న నేను తేల్చేశాను.

డాక్టరమ్మ సోమవారం దాకా సెలవు. ఇప్పుడు ఇంటికి వెళ్తున్నాను. నాన్న సంగతి చూడాలి.

మార్చి 15, శనివారం

నిన్న సాయంత్రం నాన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. చెప్పులు కూడా విప్పకుండా అడిగేశాను.

"బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద పెట్టారా, అయిదో దాని మీదా?"

నాన్న గతుక్కుమన్నాడు. చెయ్యి పలక వైపు వెళ్ళింది. పలక నేను లాగేసుకున్నాను.

"నోటితో చెప్పు."

"అయిదు" అన్నాడు. బొంగురుగా, మొండిగా. "నేను అయిదనే చెప్పాను."

"మరి మాట్లాడానని నాకెందుకు చెప్పలేదు నాన్నా? వచ్చే బుధవారం గొంతు కోయించుకోడానికి సరే అన్నావే!"

"అంతమందిలో నాకు పూచీ పడ్డావు కదే. నేను మాట్లాడానంటే నీ మాట పోదూ? నువ్వు పనిచేసే చోట నీకు తలవంపులు తేనా?"

"నా మాట పోతే పోయేది. నీ గొంతు పోయేది!"

"పోతే పోనీలే అనుకున్నా" అన్నాడు నాన్న. కోపం లేదు ఆ మాటలో, అదే నన్ను కాల్చేసింది. "ఈ ఇంట్లో దాంతో పనేముంది చెప్పు? కాఫీ అడిగేలోపే కాఫీ వచ్చేస్తుంది. నోరు తెరిస్తే అలిసిపోతావు అంటావు. మీ ఆయన వంగి వంగి అడుగుతాడు, పసిపిల్లాణ్ణి అడిగినట్టు. నేను బొంగురుగా మాట్లాడితే నీ మొహం ఎలా అయిపోతుందో నీకు తెలీదమ్మాయ్. అది చూళ్ళేకే మానేశా. ఆవిడకేం? తప్పు నీదే అని మొహాన అనేసింది. ఎన్నాళ్ళకి నన్ను తిట్టారో!"

నాకు ఏడుపొచ్చింది. వరండా మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ప్రేమతో చేశాననే అనుకున్నాను, ప్రేమతోనే చేశాను కూడా. అయినా ఆయన నోరు కట్టేసింది నేనే. జబ్బు సగం గొంతు తీసుకుంటే మిగతా సగం నేను తీసుకున్నాను.

నాన్న నా తల మీద చెయ్యి పెట్టి, "లే. ఆ కాలరు చొక్కా నేను ఇక వేసుకోను, అది చెప్పు ముందు" అన్నాడు.

"వేసుకోకు. మెడ నల్లగా ఉంటే ఉండనీ."

"చొక్కా ఎన్నుకోవడం నీకెప్పుడూ రాదు."

"నీకు వచ్చినట్టు! పెళ్ళి ఫోటోలో నీ చొక్కా చూశావా ఎప్పుడైనా?"

అలా అన్నం వేళ దాకా దెబ్బలాడుకున్నాం. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు, ఏదో అయిందని. ఏమీ కాలేదు, బాగున్నాం అన్నాను. గంట తీసి అటక మీద పడేశాను.

మార్చి 17, సోమవారం

డాక్టరమ్మ ముందు నిలబడి, నా పూచీ తప్పు మేడమ్, మాట్లాడారు, గంటసేపూ మాట్లాడారు అని చెప్పాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కళ్ళజోడు పక్కనే ఉండి దర్జీ ఆవిడ బొమ్మ కూడా తెరిచాడు. రెండు గొంతులూ పక్కపక్కన పెట్టి చూసి డాక్టరమ్మ కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. మౌనం గదిలో ఇకనుంచి ఒక్కొక్కరినే పడుకోబెట్టమంది. తర్వాత నవ్వు ఆపింది.

"ముక్క తీయడం ఆపుతున్నాను. గురువారం మెడ వరకే మళ్ళీ స్కాను చేద్దాం. ముందురోజు సాయంత్రం నుంచి ఒక్క మాట మాట్లాడకూడదు. అప్పుడు వెలుగు లేకపోతే సరే. ఉంటే మాత్రం ఇది మాటల వెలుగు కాదు. అర్థమైందా?"

అర్థమైంది. మాట్లాడినంత మాత్రాన జబ్బు లేదని కాదు. రెండూ ఉండొచ్చు.

భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. రాయకుండా ఎన్నాళ్ళు దాస్తాను?

మార్చి 19, బుధవారం

సాయంత్రం నుంచి మౌనం పాటించమంటే ఈ మనిషి వింటాడా! నాలుగైదు రోజులుగా నోటికి విశ్రాంతి లేదు. పక్కింటి మేస్త్రీతో గోడ గురించి వాదన, ఫోన్లో అక్కతో వాదన, టీవీలో వార్తలు చదివే అమ్మాయితో కూడా వాదనే. గొంతు బొంగురే, మధ్యలో చీరుకుపోతుంది, నాలుగు గుక్కలు నీళ్ళు తాగి మళ్ళీ మొదలు.

"నాన్నా, ఇక మూసుకో" అన్నాను. ఇంత ప్రేమగా ఆ మాట ఎవరూ ఎవరితో అని ఉండరు.

వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. సరిగ్గా ఒక నిమిషం తర్వాత, "ఇప్పట్నుంచేనా?" అన్నాడు.

మార్చి 20, గురువారం

చక్కెర బండి వేళకే వచ్చింది. డ్రైవరు ఈరోజు గేటు మీద నేరం మోపలేదు.

మౌనం గదిలో నాన్న ఒక్కడే. దుప్పటి గడ్డం దాకానే కప్పమన్నాను, పెదాలు నాకు కనపడాలి. తెర ముందు కూర్చున్నాను. ఆయన పెదాలు కదల్లేదు. ఒకసారి కెమెరా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు, అంతే. నేను మాత్రం కుర్చీలో అటూ ఇటూ కదులుతూనే ఉన్నాను. కళ్ళజోడు నీళ్ళు తెచ్చిచ్చాడు. తాగడం మరిచిపోయి చేత్తో పట్టుకునే కూర్చున్నాను.

స్కాను అయ్యాక బొమ్మలు చూడలేదు. ఈసారి నిజంగానే చూడలేదు. నాన్న బయటికొచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు. డాక్టరమ్మ తలుపు తెరిచి, "రా, వచ్చి చూడు" అని నన్ను ఒక్కదాన్నే పిలిచింది. లోపలికి నడిచాను.

మెదడు వెలుగుతోంది. దాని కింద మెడ మొత్తం చీకటి. కుడివైపు చీకటి, ఎడమవైపు చీకటి. ఇంత అందమైన చీకటి నేనెప్పుడూ చూడలేదు. డాక్టరమ్మ నా వీపు తట్టి, "ఏమీ లేదు. వెళ్ళి చెప్పు" అంది.

వెళ్ళాను. నాన్న లేచి నిలబడ్డాడు. చెప్పాలని నోరు తెరిచాను. గొంతులోంచి ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాను. రాలేదు. కన్నీళ్ళొక్కటే వస్తున్నాయి. నాన్న మొహం పాలిపోయింది.

"ఏమైందే? చెప్పు!" ఆయన బొంగురు గొంతు కారిడార్ చివరిదాకా వినిపించింది. వరసలో కూర్చున్న వాళ్ళందరూ తలలు తిప్పారు. "ఉందా? లేదా? నోట్లో ఏం పెట్టుకున్నావే?"

తల అడ్డంగా ఊపాను. లేదని చేతులతో చూపించాను. అయినా సరిపోలేదేమోనని మళ్ళీ ఊపాను.

నాన్న గోడకి ఆనుకున్నాడు. పెద్ద ఊపిరి వదిలాడు. నన్ను దగ్గరికి లాక్కుని వీపు నిమిరాడు. అప్పటికే నా జేబులో ఫోన్ మోగుతోంది, మా ఆయన. ఎత్తాను కానీ హలో అనడానికి కూడా నా వల్ల కాలేదు. నాన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కుని తనే చెప్పాడు.

"ఏమీ లేదట అల్లుడూ! నేను బాగానే ఉన్నాను. నీ పెళ్ళామే మాట పడిపోయి కూర్చుంది."